రోజూ తిరిగే కారుతోనే ఆటోక్రాస్: స్ప్రింగుల గట్టిదనం ఎలా లెక్కించుకోవాలి

ఒకే కారుతో రెండు పనులూ నెరవేర్చుకోదలచిన వారి కోసం ఈ పద్ధతి వివరిస్తున్నాను. వారమంతా ఆ కారు విజయనగరం నుంచి బొబ్బిలికో, శ్రీకాకుళం నుంచి ఆమదాలవలసకో ఉద్యోగానికి వెళ్లి రావాలి. రథసప్తమికి ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని అరసవల్లి చేరాలి. ఆటోక్రాస్ పోటీ ఉన్నప్పుడు జాతీయ రహదారి మీద సొంత చక్రాలతోనే అక్కడికి వెళ్లి, కోన్ల మధ్య పరుగెత్తి, మళ్లీ క్షేమంగా ఇంటికి రావాలి. ఇలాంటి కారుకు పెట్టె మీద రాసిన కిలోల అంకెను (స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి కావలసిన బరువు) చూసి స్ప్రింగులు కొనడం సరికాదు. సరైన అంకె మీ కారు బరువును బట్టి, మీరు తిరిగే దారిని బట్టి ఉంటుంది. దానిని కొలిచి, లెక్కగట్టి రాబట్టవచ్చు. అందుకు పదో తరగతి గణితం సరిపోతుంది.

ముందుగా మీరు పాల్గొనదలచిన పోటీ ఏ నేల మీద జరుగుతుందో తెలుసుకోండి. అమెరికాలో ఆటోక్రాస్ అంటే విశాలమైన పార్కింగ్ స్థలంలోనో, వాడకంలో లేని రన్‌వే మీదనో కోన్లు పేర్చి, కార్లను విడివిడిగా వదిలి, సమయం లెక్కగట్టే పోటీ. మన దేశంలో అదే పేరుతో మట్టి మీద జరిగే పోటీలూ ఉన్నాయి. మట్టి నేలకు చక్రం ఎక్కువ దూరం పైకీ కిందికీ కదలగలగాలి, స్ప్రింగు మెత్తగా ఉండాలి. తారు నేలకు అంత కదలిక అక్కరలేదు, కారు పక్కకు ఒరగకుండా నిలబడితే చాలు. ఇక్కడ చెప్పే అంకెలన్నీ తారు, కాంక్రీటు నేలలకే వర్తిస్తాయి. మీ పోటీ మట్టి మీదైతే కంపెనీ స్ప్రింగులనే ఉంచి, ఆ డబ్బును మంచి షాక్ అబ్జార్బర్లకు ఖర్చు పెట్టడమే మేలని నా అభిప్రాయం.

ఎఫ్‌ఎంఎస్‌సీఐ (భారత మోటారు క్రీడల సమాఖ్య) ఆమోదంతో జరిగే పోటీలకు తరగతుల వారీగా నియమాలు ఉంటాయి. మీ తరగతిలో స్ప్రింగులు మార్చవచ్చో లేదో కొనే ముందే చదవండి. రోడ్డు విషయానికి వస్తే, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడంపై 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఆంక్షలు విధించింది. కాబట్టి రవాణా శాఖ కార్యాలయంలోను, బీమా సంస్థలోను ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. పాత స్ప్రింగులను అమ్మివేయకుండా నూనె రాసి భద్రపరచండి.

తరువాత కారు అడుగు భాగాన్ని పరీక్షించండి. చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు చిట్లినా, బాల్ జాయింట్లు వదులైనా, స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసి ఉండే స్ట్రట్ పైభాగంలోని బేరింగు గరగరలాడినా, షాక్ అబ్జార్బరు నుంచి నూనె కారినా ముందు వాటిని మార్చాలి. అరిగిన బుష్‌ల మీద గట్టి స్ప్రింగులు వేస్తే వచ్చే మార్పు స్ప్రింగు వల్లనో, బుష్ వల్లనో తేల్చుకోలేరు.

ఇప్పుడు తూకం. లెక్క అంతా దీని మీదే నిలబడుతుంది కాబట్టి శ్రద్ధగా చేయండి. ధాన్యం మిల్లుల దగ్గర, హైవే పక్కన లారీలు తూచే కాటాలు ఉంటాయి. టెక్కలి వైపు గ్రానైటు దిమ్మెల లారీలు తూచేలాంటి పెద్ద కాటాలు 10 లేదా 20 కిలోల మెట్లలో చూపిస్తుంటాయి. 5 కిలోల మెట్టు ఉన్న చిన్న కాటా దొరికితే మంచిది. కాటా పలక, దాని ముందున్న నేల ఒకే మట్టంలో ఉండాలి. ట్యాంకులో సగం ఇంధనం, డిక్కీలో స్టెప్నీ, సీట్లో మీరు ఉండగా మొదట ముందు చక్రాలు మాత్రమే పలక మీదికి ఎక్కించండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలి, ఒక చక్రానికి అడ్డు పెట్టి అంకె రాసుకోండి. తరువాత కారు మొత్తాన్ని, ఆ తరువాత వెనుక చక్రాలను మాత్రమే తూచండి. ముందు, వెనుక అంకెల మొత్తం పూర్తి బరువుతో సరిపోవాలి. మీ కాటా చూపే ఒకటి రెండు మెట్ల కన్నా తేడా ఎక్కువ ఉంటే మళ్లీ తూచాలి.

ఉదాహరణకు ఇంజను ముందు చక్రాలనే నడిపే ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్‌ను తీసుకుందాం. డ్రైవరుతో కలిపి ముందు 590, వెనుక 370 కిలోలు తూగిందనుకుందాం. అంటే ముందు ఒక్కో చక్రం మీద 295, వెనుక ఒక్కో చక్రం మీద 185 కిలోలు. ఈ బరువంతా స్ప్రింగు మోయదు. చక్రం, టైరు, బ్రేకు, హబ్ పూర్తిగా, ఆర్మ్‌ల బరువులో సగం స్ప్రింగు కిందే ఉంటాయి. ఇంత కారుకు వాటి కింద ముందు 35, వెనుక 30 కిలోలు తీసివేయడం సమంజసం. మిగిలినవి 260, 155 కిలోలు. ఈ రెండు అంకెలను విడిగా రాసి పెట్టుకోండి.

చక్రం కదిలినంత దూరం స్ప్రింగు కదలదు. ఏతాం తొక్కినవారికి ఈ సంగతి బాగా తెలుసు: ఇరుసుకు దగ్గరగా అడుగు వేస్తే కాలు కొద్దిగానే దిగుతుంది, దూలం కొస చాలా దూరం కదులుతుంది, తొక్కే బలం మాత్రం ఎక్కువ కావాలి. కారు వెనుక ఇరుసు కూడా అలాగే పనిచేస్తుంది. ఇరుసు చేయి బాడీకి తగిలే బుష్ మధ్య నుంచి స్ప్రింగు మధ్యకు 340 మి.మీ., చక్రం మధ్యకు 400 మి.మీ. ఉంటే నిష్పత్తి 0.85. చక్రం 10 మి.మీ. లేస్తే స్ప్రింగు 8.5 మి.మీ. మాత్రమే నొక్కుకుంటుంది, ఆ స్ప్రింగు చూపే బలంలోనూ 0.85 వంతే చక్రానికి చేరుతుంది. ఇలా రెండుసార్లు తగ్గుతుంది కాబట్టి 0.85ను 0.85తో గుణించాలి: 0.7225. ముందు వైపు స్ట్రట్ కొద్దిగా వాలి ఉంటుంది కాబట్టి అక్కడ నిష్పత్తి 0.95 దరిదాపుల్లో ఉంటుంది. దాని వర్గం 0.9025. వీలైతే స్ప్రింగు తీసివేసి, చక్రాన్ని జాకీతో 10 మి.మీ. చొప్పున ఎత్తుతూ స్ట్రట్ ఎంత కుదించుకుంటుందో టేపుతో కొలిచి మీ నిష్పత్తిని మీరే రాబట్టండి.

ఇప్పుడున్న స్ప్రింగు గట్టిదనం ఎంతో తెలిస్తేనే కొత్తదానితో పోల్చడం సాధ్యమవుతుంది. దగ్గరలోని ఇంజనీరింగ్ కళాశాల ప్రయోగశాలలో స్ప్రింగు పరీక్షించే యంత్రం ఉంటే, అనుమతి తీసుకుని 25, 50, 75 మి.మీ. నొక్కినప్పుడు ఎంత బలం పడుతుందో రాసుకోండి. ఆ వీలు లేకపోతే కొలతలతో లెక్కించవచ్చు. తీగ మందపు నాలుగో ఘాతాన్ని (మందం × మందం × మందం × మందం) కట్టి, దానిని స్ప్రింగు ఉక్కు గుణాన్ని తెలిపే 79,000తో గుణించండి. వచ్చినదానిని చుట్టు సగటు వ్యాసపు ఘనంతోను, పనిచేసే చుట్ల (కొసల్లో గిన్నెలకు ఆని ఉన్నవి పోగా స్వేచ్ఛగా కదిలేవి) సంఖ్యతోను, 8తోను భాగించండి. కొలతలన్నీ మిల్లీమీటర్లలో ఉంటే జవాబు మిల్లీమీటరుకు న్యూటన్లలో వస్తుంది. తీగ 12 మి.మీ., వ్యాసం 130 మి.మీ., పనిచేసే చుట్లు 5 అయితే జవాబు 18.6. కొలిచే ముందు తీగ మీది పెయింటును ఒకచోట గీకి, వెర్నియర్‌ను అసలు ఇనుముకే తాకించండి. పైపూత వల్ల అదే తీగను 12.5 మి.మీ. అనుకుంటే జవాబు 22 అవుతుంది. అర మిల్లీమీటరు పొరపాటు దాదాపు 18 శాతం తప్పుగా మారుతుంది. వ్యాసం కూడా బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి, తీగ మందాన్ని తీసివేస్తేనే సగటు వస్తుంది.

ఇక అసలు నిర్ణయం. స్ప్రింగును అంకెగా కాక, ఆ స్ప్రింగు మీద కారు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చూసి ఎంచుకోవాలి. దీనినే పౌనఃపున్యం అంటాం, హెర్ట్జ్‌లలో చెబుతాం. బరువు వేరైన రెండు కార్లను పోల్చడానికి ఇంతకన్నా మంచి కొలమానం లేదు. మామూలు కార్లు 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. రోడ్డు టైర్లతో తారు మీద ఆటోక్రాస్ చేసే కారుకు 1.6 నుంచి 2 వరకు తగినది. 2 దాటితే పందెపు కారు కిందికి వస్తుంది. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల దారుల మీద రోజూ నడిచే కారుకు ముందు వైపు 1.7 దాటకూడదని నా నిశ్చితాభిప్రాయం. వానాకాలం గుంతల్లో అంతకు మించిన గట్టిదనం చక్రాన్ని నేలకు అదిమి ఉంచదు, ఎగరగొడుతుంది. నేలను వదిలిన టైరుకు పట్టు ఉండదు, బ్రేకూ పడదు.

వెనుక వైపు అంకె ముందు కన్నా 10 నుంచి 20 శాతం ఎక్కువ ఉండాలి. 1930వ దశకంలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఓలీ ఈ సంగతిని ప్రయోగాలతో నిరూపించారు. గతుకు ముందు చక్రాలకు ముందే తగులుతుంది, వెనుక చక్రాలకు కాస్త ఆలస్యంగా తగులుతుంది. వెనుక భాగం కొంచెం వేగంగా ఊగితే ముందు భాగాన్ని అందుకుని, కారు ముందుకూ వెనక్కూ తూగడం త్వరగా ఆగిపోతుంది. ముందు చక్రాలు నడిపే కారుకు ఇది మరో రకంగానూ ఉపకరిస్తుంది. వెనుక గట్టిగా ఉంటే మలుపులో కారు ముక్కు త్వరగా తిరుగుతుంది. కనుక మన ఉదాహరణకు ముందు 1.7, వెనుక 1.9 తీసుకుందాం.

లెక్క ఇలా చేయండి. పౌనఃపున్యాన్ని దానితోనే గుణించి, కిలోల బరువుతో గుణించి, చివరకు 0.0395తో గుణించండి. ముందు వైపు 1.7 × 1.7 × 260 × 0.0395 చేస్తే 29.7 వస్తుంది. ఇది చక్రం దగ్గర కావలసిన గట్టిదనం. దీనిని 0.9025తో భాగిస్తే స్ప్రింగు గట్టిదనం మి.మీ.కు 32.9 న్యూటన్లు. వెనుక వైపు 1.9 × 1.9 × 155 × 0.0395 చేస్తే 22.1; దానిని 0.7225తో భాగిస్తే 30.6 న్యూటన్లు. అమ్మేవారు మి.మీ.కు కిలోల్లో చెబితే 9.81తో భాగించుకోండి: ముందు 3.35, వెనుక 3.1 కిలోలు. అంగుళానికి పౌండ్లలో చెబితే ఒక కిలోకు 56 పౌండ్ల చొప్పున మార్చుకోండి. ఇదే లెక్కను తిరగేస్తే, మనం కొలిచిన 18.6 న్యూటన్ల పాత ముందు స్ప్రింగు కారును 1.28 హెర్ట్జ్ దగ్గర నిలుపుతోందని తెలుస్తుంది.

ఏ కారుకైనా సరిపోతుందంటూ ముందు 8 కిలోల స్ప్రింగుతో వచ్చే కిట్లను కూడా ఇదే లెక్కలో పెట్టి చూడండి. 8 కిలోలు అంటే 78.5 న్యూటన్లు, మన ఉదాహరణ కారు మీద అది 2.6 హెర్ట్జ్ దాటుతుంది. అంతకు రెట్టింపు బరువున్న కారు మీద అదే స్ప్రింగు 1.86 దగ్గర మర్యాదగా నడుస్తుంది. ఒకరి కారుకు బాగా కుదిరిన స్ప్రింగు మరొకరి కారుకు ఎందుకు కుదరదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అయిదుగురూ కూర్చుని, డిక్కీలో సామాను పెట్టినప్పుడు ఏమవుతుందో తప్పక చూసుకోండి. ఆ బరువులో ఎక్కువ భాగం వెనుకకే చేరుతుంది. వెనుక ఒక్కో చక్రం మీద 100 కిలోలు, ముందు 20 కిలోలు పెరిగాయనుకుంటే వెనుక అంకె 1.9 నుంచి 1.48కి, ముందు అంకె 1.7 నుంచి 1.64కు పడిపోతాయి. ఒంటరిగా ఉన్నప్పుడు కుదిరిన వెనుక ఆధిక్యం కుటుంబంతో ఉన్నప్పుడు తారుమారవుతుంది. దీనికి పూర్తి విరుగుడు లేదు. వెనుక అంకెను 20 శాతం అంచుకు దగ్గరగా పెట్టుకుంటే కొంత నయం. వెనుక భాగం 44 మి.మీ. దిగుతుందని కూడా ఈ లెక్కే చెబుతుంది. కారు ఎత్తు తగ్గించాలనుకునేవారు ముందుగా గుర్తుంచుకోవలసిన అంకె ఇదే.

ఎత్తు విషయంలో మితం పాటించండి. స్ట్రట్ ఉన్న కారును బాగా దించితే, గరిమనాభి దిగినదాని కన్నా ఒరుగుడు కేంద్రం (కారు పక్కకు ఒరిగేటప్పుడు దేని చుట్టూ తిరుగుతుందో ఆ బిందువు) ఎక్కువగా దిగిపోతుంది. రెంటి మధ్య దూరం పెరిగి, కారు పక్కకు ఒరిగే మొగ్గు పెరుగుతుంది. అందం కోసం దించిన కారు మలుపులో మునుపటి కన్నా ఎక్కువ ఒరగడానికి కారణం ఇదే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరు 100 మి.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఊళ్లలో అంతకన్నా నిటారుగా కట్టినవి కూడా ఎదురవుతాయి. నేల నుంచి 165 మి.మీ. ఎత్తున్న కారును 40 మి.మీ. దించి, పైన కుటుంబాన్ని ఎక్కిస్తే వెనుక వైపు మిగిలేది దాదాపు 80 మి.మీ. మాత్రమే. నా సలహా 15 నుంచి 20 మి.మీ. దాటవద్దని. బంప్ స్టాపరు (చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగిలే లోపు చక్రం కనీసం 50 మి.మీ. పైకి కదలగలగాలి, స్టాపరు తగిలిన క్షణం నుంచి స్ప్రింగు గట్టిదనం లెక్కలేనంతగా పెరిగి, మలుపు మధ్యలో కారు జారిపోతుంది.

కిందికి కదిలే దూరాన్ని చాలామంది పట్టించుకోరు. ఉదాహరణ కారులో వెనుక స్ప్రింగు కారు బరువుకు 58 మి.మీ. మాత్రమే నొక్కుకుంటుంది. జాకీ మీద ఎత్తినప్పుడు షాక్ అబ్జార్బరు ఇరుసును అంతకన్నా కిందికి వేలాడనిస్తే స్ప్రింగు వదులవుతుంది. ముందు స్ట్రట్‌లో స్ప్రింగు బందీగా ఉంటుంది కాబట్టి శబ్దంతో సరిపోతుంది. వెనుక విడిగా కూర్చునే స్ప్రింగు మాత్రం తన చోటు నుంచి పక్కకు తప్పుకునే ప్రమాదం ఉంది. మీ కొలతలో ఇలా వస్తే కాస్త పొడవైన స్ప్రింగునో, సహాయక స్ప్రింగునో వాడండి. పూర్తిగా నొక్కినప్పుడు చుట్లు ఒకదానికొకటి ఆనకూడదని కూడా చూడండి. స్ప్రింగు పొడవులోంచి తీగ మందాన్ని మొత్తం చుట్లతో గుణించగా వచ్చినది తీసివేస్తే మిగిలేదే అది నొక్కుకోగల దూరం.

షాక్ అబ్జార్బర్లు స్ప్రింగులకు తగినట్టు ఉండాలి. ఊగడాన్ని అణచడానికి కావలసిన అదుపు స్ప్రింగు గట్టిదనపు వర్గమూలంతో పాటు పెరుగుతుంది. ముందు గట్టిదనం 1.77 రెట్లు పెరిగితే అదుపు 1.33 రెట్లు పెరగాలి. పాత షాక్ అబ్జార్బర్లు అంత అదుపు ఇవ్వలేవు. కారు ఒక గతుకు దాటాక రెండు మూడుసార్లు ఎగిరెగిరి పడుతుంది. వాటిని మార్చే స్తోమత ఇప్పుడు లేకపోతే స్ప్రింగులను 25 శాతానికి మించి గట్టిపరచవద్దు. అప్పటికి ముందు 23 న్యూటన్ల స్ప్రింగులు, వాటికి తగిన వెనుక స్ప్రింగులతో ఆగి, మంచి టైర్లు, క్యాంబరు (చక్రం నిలువు నుంచి పక్కకు వాలే కోణం) సర్దుబాటు, కాస్త లావైన వెనుక యాంటీ రోల్ బార్ (కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) మీద దృష్టి పెట్టడమే వివేకం. ఆటోక్రాస్‌లో సమయం తగ్గడానికి తొలి ఖర్చు టైర్ల మీదే పెట్టాలి.

కోరుకున్న అంకె దొరకలేదని ఉన్న స్ప్రింగును కోయించవద్దు, గ్యాస్ మంటతో కాల్చి దించవద్దు. అయిదు చుట్లలో ఒకటి కోస్తే గట్టిదనం 25 శాతం పెరుగుతుంది నిజమే, కాని కోసిన కొస తన గిన్నెలో సరిగా కూర్చోదు. మంట తగిలిన ఉక్కు తన పదును కోల్పోయి కుంగుతుంది, లేదా విరుగుతుంది. కళింగపట్నం, భావనపాడు వంటి తీర గ్రామాల్లో ఉండేవారు స్ప్రింగు పైపూత రాలకుండా చూసుకోవాలి. ఇసుక, ఉప్పు తేమ కింది గిన్నెలో చేరి అక్కడి చుట్టును తినేస్తాయి. పగులు అక్కడే మొదలవుతుంది. నెలకొకసారి నీటితో కడిగి చూడండి.

బిగించే పనిలో ప్రాణభయం ఉంది కాబట్టి స్ప్రింగు కంప్రెసరు ఉన్న అనుభవజ్ఞుడైన మెకానిక్‌తో చేయించండి. కొక్కేలు ఎదురెదురుగా పడి, స్ప్రింగు పూర్తిగా వదులయ్యే వరకు స్ట్రట్ పైనున్న నట్టును తాకకూడదు. ఆర్మ్‌ల, వెనుక ఇరుసు బుష్‌ల బోల్టులను కారు జాకీ మీద ఉండగా చివరి బిగింపు బిగించవద్దు. చక్రాలు నేల మీద ఆని, కారు తన బరువుతో కూర్చున్న తరువాతే బిగించాలి, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగి ఉండి త్వరగా చిరుగుతుంది. వెనుక ఇరుసుకు బ్రేకుల లోడ్ సెన్సింగ్ వాల్వు (వెనుక బరువును బట్టి బ్రేకు బలాన్ని సర్దేది) కట్టి ఉన్న కారైతే, ఎత్తు మారాక దానిని సరిచేయించాలి. ఆ పైన అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల ఎత్తు చూపించండి.

మలుపులో పట్టు ఎంతో తేల్చే పరీక్ష ప్రజల దారి మీద చేయకూడదు. అనుమతి ఉన్న విశాలమైన కాంక్రీటు స్థలంలో 15 మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి, పట్టు తప్పని గరిష్ఠ వేగంతో ఒక చుట్టుకు పట్టే సమయాన్ని రెండు దిశల్లోనూ కొలవండి. 8.7 సెకన్లు పడితే కారు భూమ్యాకర్షణలో 0.8 వంతు పక్క బలాన్ని తట్టుకుంటోందని అర్థం, 8.5 అయితే 0.84. ముక్కు వృత్తం బయటికి పోతూ ఉంటే వెనుక యాంటీ రోల్ బార్‌ను గట్టిపరచండి, తోక జారుతుంటే మెత్తబరచండి. ప్రతి మార్పుకు ముందు టైర్లలో గాలి ఒకే తీరుగా ఉందో లేదో చూసుకోండి, ఒకసారికి ఒకే మార్పు చేయండి. తరువాత అదే రోజు మీరు నిత్యం తిరిగే దారి మీద, కుటుంబంతో, మామూలు వేగంతో నడిపి చూడండి. గతుకుల్లో స్టీరింగ్ చేతిలో అదురుతూ, బ్రేకు వేసినప్పుడు ఏబీఎస్ తరచుగా పనిచేస్తుంటే, వృత్తంలో ఎంత మంచి సమయం వచ్చినా స్ప్రింగు ఈ దారికి ఎక్కువైందని గ్రహించి 10 శాతం తగ్గించండి.

బిగించిన రోజునే చక్రం మధ్య నుంచి ఫెండరు అంచుకు నాలుగు మూలలా ఎత్తు కొలిచి రాసుకోండి. కొత్త స్ప్రింగులు మొదట్లో కొద్దిగా దిగడం సహజం. 1,000 కిలోమీటర్ల తరువాత బోల్టులన్నీ మరోసారి బిగించి, ఎత్తులు మళ్లీ కొలవండి. ఒక మూల మిగతా మూడింటి కన్నా 10 మి.మీ. ఎక్కువ దిగితే ఆ స్ప్రింగును విప్పించి, గిన్నెలో సరిగా కూర్చుందో లేదో చూడండి; సరిగానే ఉంటే జత మొత్తాన్ని అమ్మినవారికి తిరిగి ఇచ్చి మార్పించుకోండి.